వందేళ్ల నాటి న్యూయార్క్ దొరసానుల షాపింగ్ ఫోటోలు: లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ బెయిన్ కలెక్షన్ మీద నా రివ్యూ

పాత ఫోటోలంటే ప్రాణం ఉన్నవాళ్లు, అందులోనూ అప్పటి బట్టలు, టోపీలు, వీధులు, షాపుల అద్దాలు తదేకంగా చూసేవాళ్లు ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పే పేరు ఇదే, వాషింగ్టన్‌లో ఉన్న లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల సైట్‌లో జార్జ్ గ్రాంథమ్ బెయిన్ కలెక్షన్. పూర్తిగా ఫ్రీ, లాగిన్ లేదు, వాటర్‌మార్క్ లేదు, ఒరిజినల్ గాజు నెగటివ్ నుంచి స్కాన్ చేసిన పెద్ద ఫైల్ ఉన్నదున్నట్టు మన కంప్యూటర్‌లోకి దింపుకోవచ్చు. డబ్బులు కట్టి తీసుకున్న ఫోటో సర్వీసుల కంటే నాకు ఇదే ఎక్కువ నచ్చింది, ఎందుకు నచ్చిందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో రెండూ చెప్తా.

ముందు ఇదేంటో చెప్పాలి కదా. బెయిన్ అనే ఆయన 1898లో న్యూయార్క్‌లో ఒక న్యూస్ ఫోటో సర్వీస్ పెట్టాడు, అమెరికాలో పేపర్లకి ఫోటోలు సప్లై చేసిన మొదటి తరం సంస్థల్లో అదొకటి. ఫోటో తీయడం, కింద రెండు ముక్కలు రాయడం, చందా కట్టిన పేపర్లకి పంపడం, ఇదే వ్యాపారం. ఎక్కువ ఫోటోలు 1900ల నుంచి 1920ల మధ్య దాకా ఉంటాయి. 1948లో లైబ్రరీ ఈ మొత్తాన్ని కొనేసింది. గాజు నెగటివ్‌లే దాదాపు 40,000, అవి స్కాన్ అయ్యి ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ప్రింట్లు ఇంకో 50,000 దాకా ఉన్నాయి కానీ వాటిల్లో కొన్నే స్కాన్ చేశారు. బేస్‌బాల్, ఓడలు, సమ్మెలు, కుస్తీలు, ప్రెసిడెంట్లు, అన్నీ ఉంటాయి. నేను మాత్రం ఎక్కువగా తిరిగింది న్యూయార్క్‌లో ఫిఫ్త్ ఎవెన్యూ అనే పెద్ద వీధి ఫోటోల్లో, అంటే పెద్దింటి ఆడవాళ్లు, వాళ్ల కూతుళ్లు, అక్కడక్కడా వాళ్ల మొగుళ్లు, షాపుల ముందు, కార్ల పక్కన, పేవ్‌మెంట్ మీద నడుస్తూ దొరికిపోయిన ఫోటోలు.

దొరికిపోవడం అని ఊరికే అనట్లేదు. ఆ కాలం న్యూయార్క్ పేపర్లకి సొసైటీ పేజీ అంటే బంగారు గని. 1892లోనే వార్డ్ మెకాలిస్టర్ అనే ఆయన అసలు సిసలు పెద్దింటి వాళ్లు వీళ్లే అని ఒక లిస్ట్ ఇస్తే న్యూయార్క్ టైమ్స్ దాన్ని అచ్చేసింది, నాలుగొందల మంది అని జనం చెప్పుకునేది ఆ లిస్టే. ఆస్టర్లు, వాండర్‌బిల్ట్‌లు, గూల్డ్‌లు, వీళ్లు ఏం కట్టుకున్నారు, ఎవరి పక్కన నిలబడ్డారు అని ఊరంతా చదివేది. ముందు బొమ్మలు గీసి వేసేవాళ్లు, తర్వాత హాఫ్‌టోన్ పద్ధతి వచ్చి ఫోటోనే పేపర్‌లో అచ్చేయడం తేలికైంది, చేత్తో పట్టుకుని వీధిలో తీయగలిగే గ్రాఫ్లెక్స్ లాంటి కెమెరాలు వచ్చాయి, ఇంకేముంది, ఫోటోగ్రాఫర్ స్టూడియోలో కూర్చుని దొరసాని కోసం ఎదురుచూడక్కర్లేదు, ఆవిడ షాపు మెట్లు దిగే చోటే వెళ్లి నిలబడొచ్చు.

పైగా ఆ సమయంలోనే పెద్ద షాపులన్నీ ఒక్కొక్కటిగా ఫిఫ్త్ ఎవెన్యూ మీదికి వచ్చి చేరుతున్నాయి. అంతకుముందు షాపింగ్ అంటే లేడీస్ మైల్ అని కింద పద్నాలుగో వీధి, ఇరవై మూడో వీధి మధ్యలో బ్రాడ్‌వే, సిక్స్త్ ఎవెన్యూ. మేసీస్ 1902లో హెరాల్డ్ స్క్వేర్‌కి వెళ్లింది, బి. ఆల్ట్‌మన్ 1906లో ముప్పై నాలుగో వీధి దగ్గర ఫిఫ్త్ ఎవెన్యూ మీద తెరిచారు, లార్డ్ అండ్ టేలర్ 1914లో ముప్పై ఎనిమిదో వీధికి వచ్చింది. నగల షాపు కార్టియే అయితే 1917లో యాభై రెండో వీధి మూల మీద మోర్టన్ ప్లాంట్ అనే కోటీశ్వరుడి బంగళానే తీసుకుంది, డబ్బుతో కాదు, పది లక్షల డాలర్ల విలువ కట్టిన రెండు పేటల ముత్యాల దండ ఇచ్చి, పైన వంద డాలర్లు కలిపి. అప్పటిదాకా బంగళాలతో నిండిన వీధి షాపుల వీధి అయిపోయింది, ఈ ఫోటోలు వరసగా చూస్తూ పోతే ఆ మార్పు కళ్ల ముందే జరిగినట్టు ఉంటుంది, ముందు గుర్రబ్బండ్లు, తర్వాత సగం సగం, తర్వాత కార్లే కార్లు.

ఇప్పుడు అసలు క్వాలిటీ గురించి. నెగటివ్‌లు ఎక్కువగా 5 అంగుళాలకి 7 అంగుళాల గాజు పలకలు, అంటే ఫిల్మ్ రోల్ కంటే ఎన్నో రెట్లు పెద్దవి, అందుకే జూమ్ చేసేకొద్దీ సంగతులు బయటపడుతూనే ఉంటాయి. పేపర్‌లో వేసేటప్పుడు ఎడిటర్ చుట్టూ కత్తిరించి దొరసాని మొహం, టోపీ వరకే వేసుకునేవాడు, ఇక్కడ మనకి పలక మొత్తం కనిపిస్తుంది, నా దృష్టిలో ఈ కలెక్షన్ విలువంతా అక్కడే ఉంది. మధ్యలో ఆవిడ ఉంటుంది, పెద్ద టోపీ, మెడ చుట్టూ బొచ్చు, చేతులు రెండూ దూర్చుకునే మఫ్, మొహం మీద సన్నటి వల. కాస్త పక్కకి జరిపి చూడండి. కారు డోర్ పట్టుకుని నిలబడ్డ డ్రైవర్, మోకాళ్ల దాకా తోలు బూట్లు, చూపు మాత్రం కెమెరా వైపు. ఇంకో అంచున పని మీద పోతూ ఆగి చూస్తున్న కుర్రాడు, కాలు కదిలింది కాబట్టి ఆ కాలు ఒక్కటే మసక. వెనక షాపు అద్దంలో ఎదురు వీధి తలకిందులు కాకుండా కుడి ఎడమలు మారి పడుతుంది, ఒక్కోసారి అందులోనే ఇంకో కారు కనిపిస్తుంది. ఫోటో అంచున గాజు పెచ్చు ఊడిన చోటు, పగులు గీత, బెయిన్ ఆఫీసు వాళ్లు చేత్తో రాసిన పేరు, నంబరు, అవన్నీ స్కాన్‌లో అలాగే ఉంచేశారు. శుభ్రం చేయకపోవడమే మంచిదైంది.

ఇలాంటివి బోలెడు చూశాక నాకు పట్టిన ఒక సంగతి చెప్తా. షాపు నుంచి బయటికొస్తున్న పెద్దింటావిడ చేతిలో సంచి ఉండదు! కొన్న వస్తువు ఎక్కడ? అప్పటి డిపార్ట్‌మెంట్ స్టోర్లు కొన్నవన్నీ బండి మీద ఇంటికి పంపించేవి, డబ్బులు కూడా ఆవిడ చేత్తో ఇవ్వక్కర్లేదు, ఇంటి పేరు మీద ఖాతా నడిచేది, నెలాఖరున బిల్లు వెళ్లేది. అందుకే చేతిలో మఫ్, మహా అయితే ఒక చిన్న పర్సు. ఇదే కలెక్షన్‌లో సిక్స్త్ ఎవెన్యూ మీద క్రిస్మస్ షాపింగ్ జనం ఫోటోలు తీసి పక్కన పెట్టండి, అక్కడ కాయితం చుట్టి దారం కట్టిన పొట్లాలు చంకలో, చేతిలో, పిల్లల చేతిలో. ఎవరు ఏ ఇంటి వాళ్లో టోపీ చూసి చెప్పడం కష్టం కావచ్చు, చేతులు చూస్తే చెప్పేయొచ్చు. రెండు ఫోటోలూ ఒకే సంస్థ తీసింది, ఒకే ఊళ్లో, నడిచి వెళ్లేంత దూరంలో.

టోపీల గురించి ఒక మాట, ఆగలేను. 1910 చుట్టుపక్కల ఫోటోల్లో టోపీలు ఎంత పెద్దవంటే పక్క మనిషి అర గజం దూరం జరగాల్సిందే, వాటిని జుట్టుకి పట్టి ఉంచే పిన్నులు ఎంత పొడుగంటే షికాగో సిటీ కౌన్సిల్ 1910లో వాటి పొడవు మీద రూలే పెట్టింది. మరి ఆ టోపీల మీద తెల్లగా నురగలా లేచి ఉండే ఈకలు ఉన్నాయే, అవి కొంగ ఈకలు, గుడ్లు పెట్టే కాలంలో మాత్రమే వీపు మీద వచ్చేవి, వాటి కోసం గూళ్ల దగ్గరే కొంగల్ని చంపేవాళ్లు. మన దేశం నుంచి కూడా ఈ వ్యాపారం జరిగేది, 1902లో ఇండియా నుంచి పిట్టల ఈకల ఎగుమతి నిషేధించారు. న్యూయార్క్ రాష్ట్రం 1910లో ఇలాంటి ఈకల అమ్మకం మీద చట్టం చేసింది. ఈ సంగతి తెలిశాక ఏ ఫోటోలో టోపీ చూసినా ముందు ఈక ఏ రకమో చూడటం అలవాటైపోయింది నాకు. బట్టల చరిత్ర చదివేవాళ్లకి, సినిమాలకి కాస్ట్యూమ్స్ చేసేవాళ్లకి అయితే ఈ కలెక్షన్ కంటే మంచి రిఫరెన్స్ దొరకదు, ఎందుకంటే ఫ్యాషన్ పత్రికలో బొమ్మ అందంగా గీసి ఉంటుంది, ఇక్కడ నిజం మనిషి ఒంటి మీద బట్ట, నడిస్తే ఎక్కడ ముడత పడుతుంది, మడమల దగ్గర ఇరుకుగా ఉన్న హాబుల్ స్కర్ట్ వేసుకుని కారు మెట్టు ఎక్కాలంటే పక్కకి ఎలా తిరగాలి, అన్నీ కనిపిస్తాయి.

ఇక నాకు మనసుకి బాగా తగిలిన భాగం. షాపింగ్ ఫోటోలు చూస్తూ అదే సంవత్సరాల నెగటివ్‌లు ముందుకి తిప్పుతూ పోతే 1909, 1910 శీతాకాలం షర్ట్‌వెయిస్ట్ సమ్మె వస్తుంది. షర్ట్‌వెయిస్ట్ అంటే ఆఫీసుల్లో, షాపుల్లో పనిచేసే అమ్మాయిలు కొనుక్కునే రెడీమేడ్ జాకెట్టు, దాన్ని కుట్టేది కూడా వాళ్లలాంటి అమ్మాయిలే, ఎక్కువమంది వేరే దేశాల నుంచి వచ్చిన యూదుల, ఇటలీ వాళ్ల పిల్లలు. ఇరవై వేల మంది దాకా పని ఆపేసి రోడ్డెక్కారు. పికెట్ లైన్‌లో, అంటే ఫ్యాక్టరీ బయట నిరసనగా నిలబడే వరసలో, చలికి కోట్లు బిగించుకుని నిలబడ్డ ఆ అమ్మాయిల ఫోటోలు కూడా బెయిన్ వాళ్లే తీశారు, వాళ్లూ టోపీ పెట్టుకునే వచ్చారు, నీటుగానే ఉన్నారు. 1911 మార్చి 25న ఇవే షర్ట్‌వెయిస్ట్‌లు కుట్టే ట్రయాంగిల్ ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు, ఆ తర్వాత వాళ్ల కోసం యూనియన్లు చేసిన ఊరేగింపు ఫోటోలూ ఇక్కడే ఉన్నాయి. పెద్దింటి ఆడవాళ్లలో కొందరు ఆ సమ్మెకి అండగా నిలబడ్డారు, ఆల్వా బెల్మాంట్, బ్యాంకర్ జె.పి. మోర్గన్ కూతురు ఆన్ మోర్గన్. ఆల్వా అయితే హిప్పోడ్రోమ్ హాలు తీసుకుని మీటింగ్ పెట్టించింది, అరెస్టయిన అమ్మాయిలకి కోర్టుకెళ్లి జామీను ఇచ్చింది. గ్లామర్ ఫోటోలు విడిగా ఏరి ఆల్బమ్ కట్టి అమ్మే చోట ఇవన్నీ పక్కపక్కన చూడలేం, ఇక్కడ చూడొచ్చు.

కానీ ఆల్వా కోసం వెతకాలంటే అసలు ఇబ్బంది మొదలవుతుంది. ఆల్వా అని కొడితే ఆవిడ అన్ని ఫోటోలూ వస్తాయని గ్యారంటీ లేదు, మిసెస్ ఓ.హెచ్.పి. బెల్మాంట్ అని కొట్టాలి, ఎందుకంటే ఓ.హెచ్.పి. అనేది ఆవిడ రెండో భర్త పేరులో పొడి అక్షరాలు. అంతకుముందు ఆవిడ మిసెస్ డబ్ల్యూ.కె. వాండర్‌బిల్ట్, 1895లో విడాకులు తీసుకుంది, ఆ తర్వాత ఆ పేరు ఇంకో ఆవిడకి వెళ్లింది, కాబట్టి ఒకే పేరు కింద ఇద్దరు మనుషులు ఉండొచ్చు. ఇది లైబ్రరీ తప్పు కాదు, అప్పటి ఆఫీసు వాళ్లు ఎలా రాశారో అలాగే ఎక్కించారు, ప్రతి ఫోటో కింద ఈ టైటిల్ బెయిన్ సర్వీస్ రాసినదే, మేము సరిచూడలేదు అని ఒక లైన్ కూడా పెట్టారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. తేదీలు కూడా చాలావాటికి సుమారుగానే ఉంటాయి. కొత్తగా వెళ్లేవాళ్లకి నా సలహా, షాపింగ్ అనే ఒక్క మాటతో ఆగిపోవద్దు, షాపర్స్ అని, ఫిఫ్త్ ఎవెన్యూకి 5th Ave. అని, క్రిస్మస్‌కి ఎక్స్‌మస్ అని, ఈస్టర్ అని, మిసెస్ పక్కన ఇంటి పేరు పెట్టి, ఇలా అప్పటి గుమస్తా తొందరలో ఎలా రాసుంటాడో అలా కొట్టి చూడండి, అప్పుడు దొరుకుతాయి. ఒక మంచి ఫోటో దొరికితే దాని నెగటివ్ నంబర్ చూసి ముందూ వెనకా నంబర్లు కూడా తెరవండి, అదే రోజు అదే మూల మీద తీసిన ఇంకో రెండు మూడు దొరికే అవకాశం ఎక్కువ.

మరి ఆ మనుషుల అనుమతి సంగతి? చాలామంది అడిగే ప్రశ్న ఇది, నేనూ చాలా ఆలోచించా. కొన్ని ఫోటోల్లో మఫ్ పైకెత్తి మొహం దాచుకుంటున్న ఆడవాళ్లు కనిపిస్తారు, చూస్తే బాధగానే ఉంటుంది. అదే న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్ దగ్గర అబిగైల్ రాబర్సన్ అనే అమ్మాయి ఫోటోని ఒక పిండి కంపెనీ అడక్కుండా పాతిక వేల పోస్టర్ల మీద అచ్చేసింది, ఆ అమ్మాయి కేసు వేస్తే 1902లో అప్పీల్ కోర్టు కొట్టేసింది, జనం మండిపడ్డారు, దాంతో 1903లో రాతపూర్వక అనుమతి లేకుండా ఒకరి పేరు, ఫోటో ప్రకటనలకి వాడకూడదని చట్టం వచ్చింది. కానీ అది వ్యాపార ప్రకటనల వరకే, వార్తగా వేసుకుంటే అడ్డులేదు, అందుకే ఫిఫ్త్ ఎవెన్యూ ఫోటోగ్రాఫర్ల పని ఆగలేదు. మన హైదరాబాద్‌లో దాదాపు అదే రోజుల్లో పరిస్థితి చూడండి, ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో పెద్దింటి ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు, లోపల ఫోటో తీసేది ఒక ఇంగ్లీష్ ఆవిడ, మగవాళ్లకి ప్రవేశం లేదు, వాళ్లు ఎలా కనిపించాలో, ఏ నగ పెట్టుకోవాలో తీరిగ్గా కూర్చుని ఎంచుకునే ఫోటోలు దిగారు. రెండు ఊళ్ల ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి చేతిలో ఎంత అధికారం ఉందో అనేది నాకు కొత్తగా అర్థమైంది.

సైట్ వాడకం గురించి. డౌన్‌లోడ్ దగ్గర చిన్న జేపెగ్, పెద్ద జేపెగ్, టిఫ్ అని వేర్వేరు ఉంటాయి, పక్కనే సైజు రాసి ఉంటుంది, చూడ్డానికైతే జేపెగ్ చాలు, ప్రింట్ వేయించాలంటే టిఫ్ తీసుకోండి, అది బరువైన ఫైల్ కాబట్టి మొబైల్ డేటా మీద వద్దు. హక్కుల దగ్గర ప్రచురణకి తెలిసిన అడ్డంకులు లేవు అని రాసి ఉంటుంది, అయినా ఎక్కడైనా వాడితే లైబ్రరీ పేరు, బెయిన్ కలెక్షన్ అని, నెగటివ్ నంబర్ వేయండి, తర్వాత చూసేవాళ్లు అసలు దగ్గరికి వెళ్లగలుగుతారు. సెర్చ్ పేజీ మాత్రం నాకు నచ్చలేదు, మెల్లగా కదులుతుంది, పాత కేటలాగ్ పేజీకి కొత్త సైట్ పేజీకి మధ్య తిప్పుతుంది, ఫోన్‌లో అయితే బొమ్మల వరస చూడటం విసుగు.

ఆ విసుగు వద్దనుకుంటే ఫోటోలు పంచుకునే సైట్ ఫ్లికర్‌కి వెళ్లండి. 2008 జనవరిలో అందులో లైబ్రరీలు పాత ఫోటోలు పెట్టే ఫ్లికర్ కామన్స్ మొదలైనప్పుడు లైబ్రరీ మొదటి విడతలో పెట్టిన మూడు వేల చిల్లర ఫోటోల్లో సగం దాకా బెయిన్‌వే, ఆ తర్వాత కూడా విడతలుగా పెడుతూ వచ్చారు. అక్కడ కింద కామెంట్లు చదవాలి, నేనైతే ఫోటో కంటే ఎక్కువసేపు అవే చదువుతా. ఎవరో షాపు బోర్డు మీద సగం అక్షరాలు చూసి అది ఏ వీధో చెప్తారు, ఇంకొకరు పాత పేపర్ క్లిప్పింగ్ తెచ్చి ఆ రోజు ఆవిడ అక్కడికి ఎందుకొచ్చిందో పెడతారు, ఇంకొకరు కారు బోనెట్ చూసి ఏ ఏడాది మోడలో తేలుస్తారు, లైబ్రరీ స్టాఫ్ అవన్నీ చూసి సరిపోయినవి కేటలాగ్‌లో ఎక్కిస్తారు. ఎక్కడో కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనుషులు ఇంత ఓపిగ్గా పనిచేయడం చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది.

డబ్బులు పెట్టి కొనేముందు ఒక హెచ్చరిక. ఒక పెద్ద స్టాక్ ఫోటోల సైట్‌లో సరిగ్గా ఇవే నెగటివ్‌ల ఫోటోలు వాటర్‌మార్క్ వేసి లైసెన్స్ ఫీజుతో పెట్టి ఉండటం నేను చూశా, అవే ఇక్కడ ఇంతకంటే పెద్ద సైజులో ఊరికే దొరుకుతున్నాయి. సోషల్ మీడియాలో రంగులు వేసి, మొహం నున్నగా చేసి తిరిగేవి ఇంకా అన్యాయం, ఆ వల మీద చుక్కలు, బొచ్చులో పోగులు, అన్నీ తుడిచిపెట్టేస్తారు, బట్ట అసలు రంగేంటో ఎవరికీ తెలియదు కదా. ఒరిజినల్ ప్రెస్ ప్రింట్ కొనాలని సరదా ఉంటే అది వేరే సంగతి, అప్పుడు వెనక వైపు ఫోటో తప్పకుండా అడగండి, ఏజెన్సీ ముద్ర, అతికించిన క్యాప్షన్ కాయితం, తేదీ స్టాంపు లాంటివి ఉండాలి, ముందు వైపు కత్తిరించడానికి గీసిన గీతలు, మొహం చుట్టూ తెల్ల రంగు పూసిన మరకలు ఉంటే పాడైందని అనుకోవద్దు, పేపర్ ఆఫీసులో నిజంగా వాడారని అర్థం.

మన ల్యాబ్‌లో ప్రింట్ వేయించేటప్పుడు మాత్రం పక్కనే నిలబడి చెప్పండి, ఆటో కరెక్షన్ ఆపేయమని, అంచులు కత్తిరించొద్దని, చేతిరాత పేరు ఉన్న భాగం ఉంచమని. 5 బై 7 పలకకి సరిపోయే సైజే తీసుకోండి, 10 బై 14 అయితే ఏ వైపూ పోదు, 8 బై 10 వేయిస్తే పక్కన నిలబడ్డ డ్రైవరో కుర్రాడో తెగిపోతాడు. మ్యాట్ పేపర్ అడగండి, గ్లాసీ మీద ఆ బూడిద రంగు తేడాలు చచ్చిపోతాయి.